ఫీల్డ్ కాయిల్స్ చుట్టించినాక స్పీడ్ సరిగ్గానే ఉంది, ఆంప్స్ మాత్రం జాస్తి లాగుతోంది

గాజులమండ్యం ఎలక్ట్రీషియన్ | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. రేణిగుంట పక్కన గాజులమండ్యం ఎస్టేట్‌లో ఒక పైపుల యూనిట్‌లో పని చేస్తున్నా. మా ఎక్స్‌ట్రూడర్‌కి (ప్లాస్టిక్‌ని కరిగించి పైపుగా తోసే మిషను) ఉండేది సెపరేట్లీ ఎక్సైటెడ్ డీసీ మోటారు. అంటే చుట్టూ అయస్కాంతం మాదిరి పనిచేసే ఫీల్డ్ కాయిల్స్‌కి ఒక సప్లై, మధ్యలో తిరిగే ఆర్మేచర్‌కి ఇంకో సప్లై. నేమ్‌ప్లేట్ మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: 22 కిలోవాట్లు, 1500 ఆర్‌పీఎం, ఆర్మేచర్ 440 వోల్టులు 58 ఆంప్స్, ఫీల్డ్ 220 వోల్టులు 1.9 ఆంప్స్. వోల్టేజ్ మార్చి స్పీడ్ నడిపే థైరిస్టర్ డ్రైవ్, మోటారు వెనకాల స్పీడ్ కొలిచే టాకో ఉంది.

పోయిన నెల ఒక ఫీల్డ్ కాయిల్ ఎర్త్ అయింది (ఇన్సులేషన్ పోయి బాడీకి తగిలింది). నాలుగూ ఒకే వయసువి కదా అని నాలుగింటినీ తిరుపతిలో వైండింగ్‌కి ఇచ్చినాం. తెచ్చి బిగించినాం, మోటారు తిరిగింది. స్పీడ్ ఎంత సెట్ చేస్తే అంతే వస్తోంది, పైపు కూడా బాగానే వస్తోంది. కానీ ఇంతకు ముందు 1000 ఆర్‌పీఎం మీద 45 ఆంప్స్ లాగే మోటారు ఇప్పుడు 54 లాగుతోంది. మెటీరియల్ అదే, డై అదే. ఫుల్ స్పీడ్‌కి తీసుకుపోతే పావు గంటలో ఓవర్‌లోడ్ ట్రిప్. బ్రష్‌ల (ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) కింద సన్నగా నిప్పురవ్వలు కూడా కనబడతా ఉన్నాయి.

గేర్‌బాక్స్ పట్టేసిందని ఒకరు, డ్రైవ్ కార్డు పోయిందని ఇంకొకరు అంటున్నారు. గేర్‌బాక్స్ విప్పించే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చినా.

తోతాపురి | సోమవారం, రాత్రి 10.05

అన్నా, మాది చిత్తూరు, మామిడి పల్ప్ ఫ్యాక్టరీ మెయింటెనెన్స్. మా దగ్గర డీసీ మోటార్లు ఏనాడో తీసేసినాం. కప్లింగ్ విప్పి మోటారు ఒక్కదాన్నే తిప్పి చూడు. ఖాళీగా కూడా ఆంప్స్ జాస్తి ఉంటే బేరింగు. లేకపోతే గేర్‌బాక్సే.

పాత మేస్త్రీ | మంగళవారం, ఉదయం 6.15

ఆగు నాయనా తోతాపురీ, కప్లింగ్ విప్పమని అంత తొందరగా చెప్పొద్దు. ఇప్పుడే కదా ఫీల్డ్ కాయిల్స్ చేతులు మారినాయి. ఫీల్డ్ మీద అనుమానం ఉన్న మోటారుని లోడ్ తీసేసి తిప్పకూడదు. ఎందుకో నా కళ్ళతో చూసింది చెప్తాను.

నేను ముప్పై ఏళ్ళు చక్కెర మిల్లులో చేసినవాణ్ణి. 1980ల్లో ఒక మోటారు ఓవర్‌హాల్ అయి వచ్చింది. కప్లింగ్ వెయ్యకుండా బెంచీ మీదే ట్రయల్ వేసినారు. టెర్మినల్ బాక్సులో ఎఫ్2 లగ్ (ఫీల్డ్ వైరు రెండో కొస) సరిగ్గా బిగించలేదు. అదిరి వైరు ఊడింది. ఫీల్డ్ పోతే మోటారు ఆగిపోతుంది అనుకుంటారు చాలామంది. అది ఆగలేదు. ముందు గుయ్యిమని ఉన్న శబ్దం ఈల మాదిరి పైకి లేచింది. నేను పరిగెత్తి ఆర్మేచర్ బ్రేకర్ కొట్టేలోపే పెద్ద చప్పుడు. ఆర్మేచర్ మీద చుట్టిన బ్యాండింగ్ తెగి, కాయిల్స్ బయటికి విచ్చుకుని పోల్స్‌ని గీరేసినాయి. మనుషులకి ఏమీ కాలేదు, ఆ దేవుడి దయ. ఆ ఈల శబ్దం మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

కాబట్టి ముందు ఫీల్డ్ చూడు. ఆంప్స్ ఎంత పోతోందో కొలిచి రాయి. వోల్టేజ్ కాదు, ఆంప్స్.

ఈఈఈ థర్డ్ ఇయర్ | మంగళవారం, ఉదయం 7.30

మేస్త్రీగారూ, అడగొచ్చో లేదో తెలియదు, తప్పయితే క్షమించండి. నేను తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ల్యాబ్‌లో రియోస్టాట్ తిప్పి ఫీల్డ్ కరెంటు తగ్గిస్తే స్పీడ్ పెరగడం చూశాను, రికార్డులో గ్రాఫ్ కూడా వేశాను. కానీ లోపల ఏం జరుగుతుందో మనసుకి ఎక్కలేదు. అయస్కాంతం బలం తగ్గితే తోసే బలం కూడా తగ్గాలి కదా? మరి వేగం పెరగడం ఏమిటి?

శేషాచలం | మంగళవారం, ఉదయం 8.50

అమ్మా, ఈ ప్రశ్న ఇరవై ఏళ్ళుగా నా క్లాసులో వింటున్నాను. సూత్రం అప్పజెప్పినవాళ్ళు ఎక్కువ, ఇలా అడిగినవాళ్ళు తక్కువ. పై మోటారు అంకెలతోనే చూద్దాం.

ఆర్మేచర్ నిరోధం అర ఓమ్ అనుకో. 440 వోల్టులు ఇస్తున్నాం, 40 ఆంప్స్ లాగుతోంది. నిరోధంలో పోయేది 20 వోల్టులు. మిగతా 420 ఎక్కడికి పోయాయి? తిరుగుతున్న ఆర్మేచర్ తనే ఒక జనరేటర్ కాబట్టి, వచ్చే వోల్టేజ్‌కి అడ్డంగా 420 వోల్టులు పుట్టిస్తోంది. అదే బ్యాక్ ఈఎంఎఫ్. అది ఎంత పుడుతుందనేది రెండింటి మీదే ఆధారపడుతుంది, ఫీల్డ్ ఫ్లక్స్ (అంటే అయస్కాంత బలం), వేగం.

ఇప్పుడు ఫ్లక్స్‌ని పది శాతం తగ్గించు. తిరిగే ఆర్మేచర్ బరువుంది కాబట్టి వేగం ఆ క్షణంలో మారదు. 420 కాస్తా 378 అవుతుంది. అంటే నిరోధం మీద ఇప్పుడు 62 వోల్టులు. అర ఓమ్‌కి 62 వోల్టులంటే 124 ఆంప్స్! ఫ్లక్స్ తగ్గింది పది శాతం, కరెంటు పెరిగింది మూడు రెట్లకు పైగా. తోసే బలం ఈ రెండింటి లబ్ధం కదా, అది దాదాపు 2.8 రెట్లు అవుతుంది. ఆ తోపుకి మోటారు వేగం అందుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ బ్యాక్ ఈఎంఎఫ్ మళ్ళీ పెరిగి కరెంటుని కిందికి దించుతుంది. కొత్త వేగం దగ్గర నిలబడేసరికి కరెంటు పాతదానికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే ఫ్లక్స్ తక్కువైంది కాబట్టి అదే లోడ్ లాగడానికి ఎక్కువ ఆంప్స్ కావాలి.

నీ అనుమానంలో సగం నిజమే. ఒక్కో ఆంప్‌కి వచ్చే తోపు తగ్గిన మాట వాస్తవం. అయితే అడ్డుకునే బ్యాక్ ఈఎంఎఫ్ కూడా తగ్గడంతో ఆంప్స్ అంతకు మించి వచ్చిపడతాయి.

మేస్త్రీగారు చెప్పిన ప్రమాదం కూడా ఇదే లెక్క. ఫీల్డ్ పూర్తిగా పోయినా ఇనుములో కాస్త అయస్కాంతత్వం మిగిలి ఉంటుంది. ఆ కొంచెం ఫ్లక్స్‌తో 440కి దగ్గరగా బ్యాక్ ఈఎంఎఫ్ పుట్టాలంటే ఎన్నో రెట్ల వేగం కావాలి. లోడ్ లేకపోతే మోటారు ఆ వేగం వైపే పరిగెడుతుంది. లోడ్ ఉంటే అంత బలహీనమైన ఫ్లక్స్‌తో లాగలేక, విపరీతంగా కరెంటు తీసుకుని ఫ్యూజు కొడుతుంది.

ఈఈఈ థర్డ్ ఇయర్ | మంగళవారం, ఉదయం 9.10

124 ఆంప్స్ దగ్గర అర్థమైంది సార్. స్టార్టింగ్‌లో బ్యాక్ ఈఎంఎఫ్ సున్నా కాబట్టి 440ని అర ఓమ్‌తో భాగిస్తే 880 ఆంప్స్. స్టార్టర్ ఎందుకో కూడా దీంతోనే తెలిసిపోయింది. థ్యాంక్యూ సార్.

ఘాట్‌రోడ్ | మంగళవారం, మధ్యాహ్నం 1.20

నేను డ్రైవ్‌ల సర్వీసు చేస్తాను. రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు ఎక్కువ తిరుగుతుంటాను. గాజులమండ్యం అన్నా, మీ పోస్టులో ఒక మాట నన్ను పట్టేసింది. "స్పీడ్ ఎంత సెట్ చేస్తే అంతే వస్తోంది" అన్నారు. టాకో ఉంది కాబట్టి అలాగే వస్తుంది. ఫీల్డ్ బలహీనమైతే స్పీడ్ పెరగబోతుంది, టాకో ఆ సంగతి చెప్తుంది, డ్రైవ్ వెంటనే ఆర్మేచర్ వోల్టేజ్ తగ్గించి స్పీడ్‌ని పాత చోటికే తెస్తుంది. అంటే జబ్బుని డ్రైవే దాచిపెడుతోంది. టాకో లేకుండా ఆర్మేచర్ వోల్టేజ్ ఫీడ్‌బ్యాక్ మీద ఉండి ఉంటే మోటారు స్పీడుగా పోయి మొదటి రోజే మీకు తెలిసేది.

కాబట్టి 1000 ఆర్‌పీఎం దగ్గర ఏ1, ఏ2 (ఆర్మేచర్ టెర్మినల్స్) మధ్య వోల్టేజ్ ఎంతో చూడండి. ఇంతకు ముందు ఎంత ఉండేదో లాగ్‌బుక్‌లో ఉంటే అది కూడా పెట్టండి. నా అంచనా ప్రకారం వోల్టేజ్ తగ్గి ఉండాలి. గేర్‌బాక్స్ పట్టేస్తే ఆంప్స్ పెరుగుతాయి గానీ వోల్టేజ్ తగ్గదు, కొన్ని వోల్టులు పెరుగుతుంది కూడా. రెంటికీ తేడా అక్కడ దొరుకుతుంది.

గాజులమండ్యం ఎలక్ట్రీషియన్ | మంగళవారం, రాత్రి 10.30

షిఫ్ట్ అయినాక అన్నీ కొలిచి కూర్చున్నా. లాగ్‌బుక్‌లో పాత రీడింగు 1000 ఆర్‌పీఎం దగ్గర 297 వోల్టులు, 45 ఆంప్స్. ఇప్పుడు అదే స్పీడ్‌కి 254 వోల్టులు, 54 ఆంప్స్. ఘాట్‌రోడ్ అన్నా, నువ్వు చెప్పినట్టే తగ్గింది.

ఫీల్డ్ సీరీస్‌లో మీటరు పెట్టినా. వోల్టేజ్ 220 సరిగ్గా ఉంది. ఆంప్స్ మాత్రం 1.45. నేమ్‌ప్లేట్ మీద 1.9 కదా. ఇంతవరకూ ఫీల్డ్‌కి వోల్టేజ్ చూసి సరే అనుకుంటా ఉన్నా. మేస్త్రీ గారు ఆంప్స్ చూడమని ఎందుకన్నారో ఇప్పుడు తెలిసింది.

పాత మేస్త్రీ | బుధవారం, ఉదయం 6.05

దొరికింది. అయినా తొందరపడొద్దు. కాయిల్స్‌లో ఏదైనా ఒకటి తేడాగా ఉందా, నాలుగూ ఒకే మాదిరి ఉన్నాయా చూడాలి. నాలుగు కాయిల్స్ సీరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కో కాయిల్ మీద వోల్టేజ్ కొలువు. నాలుగింటికీ 55 దగ్గర రావాలి. ఒకదాని మీద బాగా తక్కువ వస్తే దాంట్లో చుట్లు షార్ట్ అయినట్టు. ఆర్మేచర్ సప్లై పూర్తిగా ఆపేసి, ఫీల్డ్ ఒక్కటే ఇచ్చి కొలువు. అప్పుడే ఒక ఇనుప మేకు దారానికి కట్టి పక్కపక్క పోల్స్ మధ్య వేలాడదీసి చూడు. కాయిల్ ఏదైనా తిరగేసి కలిపి ఉంటే పట్టు తేడా తెలుస్తుంది.

ఇంకొకటి. రవ్వలు వస్తున్నాయన్నావు. కాయిల్స్ తీసినప్పుడు బ్రష్ రాకర్‌ని (బ్రష్‌లు బిగించి ఉండే రింగు) కదిలించినారా? రాకర్ మీద, ఎండ్‌షీల్డ్ మీద పాత పంచ్ మార్కు ఉంటుంది. రెండూ ఎదురెదురుగా ఉండాలి. మార్కు లేకపోతే ఆర్మేచర్ కదలకుండా ఉంచి, బ్రష్‌లకి మిల్లీవోల్ట్ మీటరు పెట్టి, ఫీల్డ్‌కి చిన్న బ్యాటరీ తగిలించి తీసి చూడు. రాకర్‌ని ఏ చోట పెడితే ముల్లు కదలకుండా ఉంటుందో అదే న్యూట్రల్, బ్రష్‌లు ఉండాల్సిన చోటు. ఫీల్డ్ వైరు తీసేటప్పుడు మాత్రం వట్టి చేత్తో పట్టుకోవద్దు. చిన్న బ్యాటరీ అయినా అన్ని వేల చుట్లలోంచి కరెంటు తెగితే గట్టిగా కొడుతుంది.

తోతాపురి | బుధవారం, ఉదయం 8.00

మేస్త్రీ గారూ, నిన్న నా సలహా తప్పే. కప్లింగ్ విప్పమని చెప్పినందుకు ఏమీ అనుకోవద్దండి.

ఒక ఉపాయం తోస్తోంది. ఫీల్డ్‌లో 1.45 పోతోంది, 1.9 కావాలి, అంతే కదా. డ్రైవ్ ఫీల్డ్ కార్డులో వోల్టేజ్ పెంచేస్తే పోదా? 290కి పెడితే ఆంప్స్ వచ్చేస్తాయి. మళ్ళీ విప్పే పని తప్పుతుంది.

ఘాట్‌రోడ్ | బుధవారం, ఉదయం 11.45

పెంచొచ్చు, కార్డు 415 నుంచి తీసుకుంటుంది కాబట్టి 290 ఇవ్వగలదు. కానీ నేనైతే పెట్టను. ఇప్పుడు ఫీల్డ్ నిరోధం వేడి మీద 220ని 1.45తో భాగిస్తే 151 ఓమ్స్. దాంట్లో 1.9 ఆంప్స్ పంపితే దాదాపు 545 వాట్లు వేడి. అసలు డిజైన్‌లో 220 ఇంటూ 1.9, అంటే 418 వాట్లే. అదే సైజు కాయిల్, అదే బ్లోయర్ గాలి, వేడి మాత్రం ముప్పై శాతం ఎక్కువ. వేడెక్కితే నిరోధం ఇంకా పెరిగి ఆంప్స్ మళ్ళీ పడిపోతాయి. మే నెలలో మన రేణిగుంట ఎండకి షెడ్‌లో ఆ కాయిల్స్ ఎన్నాళ్ళు నిలుస్తాయి?

ఇంకో మాట, ఇది అందరూ చూసుకోవాల్సింది. డ్రైవ్‌లో ఫీల్డ్ లాస్ ట్రిప్ (ఫీల్డ్ ఆంప్స్ పడిపోతే మోటారుని ఆపేది) ఎంతకి సెట్ చేశారో చూడండి. చాలాచోట్ల దాన్ని బాగా కిందికి పెట్టి వదిలేస్తారు. 1.9 ఉండాల్సిన చోట 1.45 పోతున్నా మీ డ్రైవ్ ఒక్క అలారం కూడా ఇవ్వలేదంటే అదీ అలాగే ఉండి ఉంటుంది.

శేషాచలం | బుధవారం, మధ్యాహ్నం 3.10

చల్లగా ఉన్నప్పుడు ఎఫ్1, ఎఫ్2 మధ్య ఓమ్స్ కొలవండి. నేమ్‌ప్లేట్ లెక్కన 220ని 1.9తో భాగిస్తే 116 ఓమ్స్ వస్తుంది, కానీ అది వేడెక్కిన కాయిల్ నిరోధం. రాగి నిరోధం వేడితో పెరుగుతుంది. 95 డిగ్రీల దగ్గర 116 ఉండేది 30 డిగ్రీల దగ్గర 93 ఓమ్స్ ఉండాలి. 116 వచ్చింది, సరిపోయింది అనుకుని మోసపోవద్దు.

ఇంకో సంగతి గమనించండి. ఫీల్డ్ ఆంప్స్ 24 శాతం తగ్గాయి. వోల్టేజ్ రీడింగుల్లోంచి అర ఓమ్ నిరోధంలో పోయేది తీసేసి లెక్కగడితే ఫ్లక్స్ తగ్గింది 17 శాతమే. ఇనుము అప్పటికే అయస్కాంతత్వంతో సగం సంతృప్తమై ఉంటుంది కాబట్టి మొదట తగ్గించే ఆంప్స్‌కి ఫ్లక్స్ అంతగా తగ్గదు. 45ని 0.83తో భాగించి చూడండి, 54 వస్తుంది. మీరు కొలిచింది కూడా అంతే. లోడ్ మారలేదు, గేర్‌బాక్స్‌లో తప్పేమీ లేదు.

ఫుల్ స్పీడ్ దగ్గర ఎందుకు ట్రిప్ అవుతోందో కూడా ఇదే చెబుతుంది. 58 ఆంప్స్‌తో లాగాల్సిన లోడ్‌కి ఇప్పుడు 70 కావాలి.

ఈఈఈ థర్డ్ ఇయర్ | బుధవారం, సాయంత్రం 5.40

సార్, అయితే ఫీల్డ్ తగ్గించి స్పీడ్ పెంచడం అనేది మంచిదా చెడ్డదా? పాఠంలో అదొక పద్ధతి అని ఉంది కదా.

శేషాచలం | బుధవారం, రాత్రి 8.15

ఎక్కడ వాడుతున్నామనేదాన్ని బట్టి అమ్మా. సెపరేట్లీ ఎక్సైటెడ్ మోటారులో ఆర్మేచర్‌కి ఒక సప్లై, ఫీల్డ్‌కి ఇంకో సప్లై. షంట్ మోటారులో రెండూ ఒకే తీగ మీద వేలాడతాయి, కాబట్టి వోల్టేజ్ తగ్గిస్తే ఫీల్డ్ కూడా తగ్గిపోతుంది. ఇక్కడ ఒకదాన్ని కదపకుండా రెండోదాన్ని కదపొచ్చు. సున్నా నుంచి 1500 దాకా ఫీల్డ్‌ని నిండుగా ఉంచి ఆర్మేచర్ వోల్టేజ్ పెంచుతూ పోతాం. ఆ మేరకు ఏ స్పీడ్ దగ్గరైనా పూర్తి టార్క్ (తిప్పే బలం) వస్తుంది. ఎక్స్‌ట్రూడర్‌కి కావాల్సింది అదే. నెమ్మదిగా తిరిగినా ప్లాస్టిక్ ముద్దని తొయ్యడానికి బలం తగ్గకూడదు కదా.

440 వోల్టులు అయిపోయాక ఇంకా స్పీడ్ కావాలంటే అప్పుడు ఫీల్డ్ తగ్గిస్తాం. అక్కడి నుంచి పవర్ అంతే ఉంటుంది, టార్క్ తగ్గుతుంది. చుట్ట చుట్టే వైండర్లకి, కోత యంత్రాల స్పిండిల్స్‌కి అది సరిపోతుంది. కానీ ఫీల్డ్ మరీ పలచన చేస్తే ఆర్మేచర్ కరెంటు తాలూకు ఫ్లక్స్ దాన్ని వంకర చేస్తుంది, బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ మీద రవ్వలు లేస్తాయి. గాజులమండ్యంవారి మోటారు 1000 దగ్గరే ఫీల్డ్ తగ్గిన స్థితిలో నడుస్తోంది. స్పీడ్ లాభం లేదు, టార్క్ మాత్రం నష్టం.

ఆర్మేచర్ వోల్టేజ్‌తో వేగాన్ని నడిపించే పద్ధతిని 1891లో హ్యారీ వార్డ్ లియోనార్డ్ కనిపెట్టాడు. అప్పట్లో ఆ వోల్టేజ్ కోసం ఒక మోటారు, ఒక జనరేటర్ వేరే తిప్పాల్సి వచ్చేది. ఆ రెండు యంత్రాల పనిని ఇప్పుడు థైరిస్టర్లు చేస్తున్నాయి.

గాజులమండ్యం ఎలక్ట్రీషియన్ | గురువారం, రాత్రి 9.15

ఈ రోజు లైను ఆపించి అన్నీ చూసినా. కాయిల్స్ మీద వోల్టేజ్ 55, 55, 54, 56. మేకు అన్ని పోల్స్ దగ్గరా ఒకే మాదిరి పట్టింది. రాకర్ మార్కులు ఎదురెదురుగా ఉండాయి, కదల్లేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఓమ్స్ కొలిస్తే 121.

నాలుగూ సమానం, కానీ నాలుగింటికీ నిరోధం జాస్తి. అప్పుడు గుర్తొచ్చింది, పాత కాయిల్స్ విప్పినప్పుడు తెగిపడిన జానెడు తీగ ముక్క నా టూల్ బాక్సులో వేసి పెట్టినా. బ్లేడుతో ఎనామిల్ గీకి మైక్రోమీటరు పెట్టినా, 0.81 మి.మీ. కొత్త కాయిల్ తోక దగ్గర గీకి పెట్టినా, 0.71. రెండు సార్లు చూసినా, అంతే.

ఘాట్‌రోడ్ | గురువారం, రాత్రి 9.30

0.81 అంటే 21 గేజ్. 0.71 అంటే 22, గేజ్ నంబరు పెరిగితే తీగ సన్నం. అంతే అన్నా.

శేషాచలం | గురువారం, రాత్రి 9.50

కొత్త తీగ, పాత తీగ మందాలు 28కి 32 నిష్పత్తిలో ఉన్నాయి (అంగుళంలో వెయ్యో వంతుల్లో). వైశాల్యం దాని వర్గం, 0.766. 93ని 0.766తో భాగిస్తే 121. మీ మీటరు, మీ మైక్రోమీటరు ఒకే మాట చెప్పాయి. ఆ తీగ ముక్క దాచిపెట్టిన మీ అలవాటుకి నమస్కారం.

తోతాపురి | శుక్రవారం, ఉదయం 8.20

ఇంత తిప్పలు ఎందుకన్నా, దీన్ని తీసేసి ఏసీ మోటారు, వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి ఏసీ మోటారు స్పీడ్ మార్చే డ్రైవ్) పెట్టేయమని ఓనరుకి చెప్పకూడదా? బ్రష్‌లు లేవు, కార్బన్ పొడి లేదు.

ఘాట్‌రోడ్ | శుక్రవారం, మధ్యాహ్నం 12.10

కొత్తగా కొనేవాళ్ళకి నేనూ అదే చెప్తాను. కానీ ఉన్న మోటారు ఆర్మేచర్ బాగుంది, కమ్యుటేటర్ బాగుంది. నాలుగు కాయిల్స్ కోసం మోటారు, ప్యానెల్, బేస్‌ప్లేట్ అన్నీ మార్చడం దండగ. పైగా వెక్టర్ కంట్రోల్ అని మనం గొప్పగా చెప్పుకునేది ఏమిటి? ఏసీ మోటారు కరెంటుని లెక్కలతో రెండుగా విడదీసి, ఒక భాగాన్ని ఫీల్డ్ లాగా, ఇంకో భాగాన్ని ఆర్మేచర్ లాగా నడపడమే. ఈ మోటారులో ఆ రెండూ పుట్టుకతోనే వేరు. దీని మీద చెయ్యి తిరిగినవాడికి వీఎఫ్‌డీ నేర్చుకోవడం ఒక వారం పని.

శేషాచలం | శుక్రవారం, మధ్యాహ్నం 2.00

నిజం. 1970ల మొదట్లో సీమెన్స్‌లో బ్లాష్కే ఆ పద్ధతిని అభివృద్ధి చేసినప్పుడు కూడా ఇండక్షన్ మోటారుని డీసీ మోటారంత మాట వినేలా చెయ్యాలనే తపనే. విద్యార్థులకి డీసీ యంత్రాల ల్యాబ్ తీసేద్దామనే మాట వచ్చినప్పుడల్లా నేను వద్దనేది అందుకే.

గాజులమండ్యం ఎలక్ట్రీషియన్ | తరువాతి గురువారం, రాత్రి 10.10

అందరికీ చెప్పాలని వచ్చినా. తీగ ముక్కలు రెండూ తీసుకుని వైండింగ్ మేస్త్రీ దగ్గరికి పోయినా. గొడవ పెట్టుకోలేదు. పక్కపక్కన పెట్టి మైక్రోమీటరు ఆయన చేతికే ఇచ్చినా. చూసి, "21 స్టాకు లేకపోతే 22 వేసినాను, ఒక గేజే కదా అనుకున్నా" అన్నాడు. పాపం, మోసం చెయ్యాలని కాదు. పంపు మోటార్లు చుట్టే చెయ్యి ఆయనది, ఫీల్డ్ కాయిల్స్ ఎప్పుడో గానీ రావు. చుట్ల లెక్క మాత్రం సరిగ్గా పెట్టినాడు. కూలి తీసుకోకుండా 21తో మళ్ళీ చుట్టి ఇచ్చినాడు, రాగి ఖర్చు మేం పెట్టుకున్నాం.

చల్లగా 93 ఓమ్స్. రెండు గంటలు నడిపినాక ఫీల్డ్‌లో 1.9 ఆంప్స్. 1000 ఆర్‌పీఎం దగ్గర 296 వోల్టులు, 45 ఆంప్స్. 1500కి తీసుకుపోయి గంటన్నర వదిలినా, ట్రిప్ లేదు. టార్చి వేసి చూస్తే బ్రష్‌ల కింద ఒక్క రవ్వ కూడా లేదు. కమ్యుటేటర్ చాక్లెట్ రంగులో నున్నగా ఉంది.

ఫీల్డ్ లాస్ ట్రిప్ 0.4 ఆంప్స్‌కి పెట్టి ఉండింది. 1.5కి మార్చినా. సరేనా ఘాట్‌రోడ్ అన్నా?

ఘాట్‌రోడ్ | తరువాతి గురువారం, రాత్రి 10.25

సరే అన్నా. ఒక్కటి చూసుకోండి. మీ డ్రైవ్‌లో ఫీల్డ్ ఎకానమీ ఆన్ చేసి ఉంటే మోటారు ఆగినప్పుడు ఫీల్డ్ కరెంటుని అదే తగ్గిస్తుంది, అప్పుడు 1.5 దగ్గర ఊరికే ట్రిప్ చూపిస్తుంది. ట్రిప్‌ని రన్నింగ్‌లో మాత్రమే పనిచేసేట్టు పెట్టండి. స్టార్ట్ నొక్కినాక ఫీల్డ్ నిండడానికి ఒక సెకను, రెండు సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం కూడా ఇవ్వండి. ఫీల్డ్ నిండాకే ఆర్మేచర్‌కి వోల్టేజ్ వెళ్ళాలి.

పాత మేస్త్రీ | శుక్రవారం, ఉదయం 6.00

ఎఫ్1, ఎఫ్2 లగ్‌లకి స్ప్రింగ్ వాషర్లు వేసినావా నాయనా?

గాజులమండ్యం ఎలక్ట్రీషియన్ | శుక్రవారం, ఉదయం 6.40

వేసినా మేస్త్రీ గారూ. డబుల్ నట్ కూడా వేసి, కదిలితే తెలిసేట్టు పెయింట్ గీత పెట్టినా.